మేస్త్రి కట్టేసిన కుళాయి

రోజూ పొద్దున్న ఆరింటికి ఆ ఇంట్లో ఒక బకెట్ నీళ్ళు వేడెక్కేవి, ఏడింటికల్లా చల్లారిపోయేవి. మధ్యలో ఆ నీళ్ళని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు.

కూతురు బకెట్ తెచ్చి బాత్రూములో పెట్టి, పక్కన స్టూలు వేసి, తువ్వాలు తలుపుకి తగిలించి, "నాన్నా, నీళ్ళు పెట్టాను" అనేది. "చూద్దాంలే" అనేవాడు తండ్రి మంచం మీంచే. కాసేపటికి అల్లుడు వచ్చి గుమ్మంలో నిలబడి, "మేస్త్రీ, నేను రానా?" అని అడిగేవాడు. "ఎందుకూ?" అనేవాడాయన. ఎందుకో ముగ్గురికీ తెలుసు. అల్లుడు నీళ్ళు నమిలేవాడు, బకెట్లో నీళ్ళు చల్లారేవి. కూతురు వాటితో గచ్చు కడిగేసి, తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళిపోయేది. పంతొమ్మిది రోజులుగా ఆ ఇంటి గచ్చంత శుభ్రమైన గచ్చు ఆ వీధిలోనే లేదు.

ఊళ్ళో సగం ఇళ్ళకి నీళ్ళు తెచ్చింది ఈ మేస్త్రే. నలభై అయిదేళ్ళు పైపుల పని చేశాడు. ఆయన బిగించిన కుళాయిని ఇంకొకడు విప్పలేడని పేరు. అది పొగడ్తో తిట్టో తోటి పనివాళ్ళకి ఇప్పటికీ తేలలేదు, ఎందుకంటే వాషరు మార్చాలన్నా మళ్ళీ ఆయన్నే పిలవాల్సివచ్చేది. భార్య పోయేనాటికి కూతురికి నాలుగేళ్ళు. రోజూ పిల్లకి నీళ్ళు పోసి, తల తుడిచి, జడ వేశాకే పానాల సంచీ భుజానికి తగిలించుకునేవాడు. ఆ జడలూ ఆయన కుళాయిల్లాగే ఉండేవి. సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక కదిలేది కాదు గానీ, పిల్లకి కళ్ళు పైకి లాగేసేవి.

అల్లుడు మొదట ఆయన దగ్గర శిష్యుడు. పదిహేడేళ్ళప్పుడు పనికి కుదిరి, గోడకి గాడి కొట్టడం దగ్గర్నుంచి అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుని, చివరికి పిల్లని కూడా చేసుకున్నాడు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా 'మామయ్యా' అనడానికి నోరు తిరగలేదు, మేస్త్రీ అనే పిలుస్తాడు. ఆయన మామూలుగా 'ఒరేయ్' అంటాడు. 'అల్లుడుగారూ' అన్నాడంటే కోపంలో ఉన్నాడని అర్థం. ఈ మధ్య ఇంట్లో 'అల్లుడుగారూ' ఎక్కువగానే వినపడుతోంది.

రెండేళ్ళుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. దానికేం, గ్లాసు సగం నింపి ఇస్తే సరిపోయేది. పంతొమ్మిది రోజుల కిందట బాత్రూములో కాలు జారి పడ్డాడు. ఎముకలేవీ విరగలేదు. కానీ డాక్టరమ్మ "ఒక్కరే స్నానం చెయ్యకూడదు, ఎవరో ఒకరు దగ్గరుండి పొయ్యాలి" అని చీటీ మీద రాసి, కింద గీత గీసింది. ఆ గీతే కొంప ముంచింది.

"ఒక్కణ్ణీ చెయ్యకూడదా? అయితే అసలు చెయ్యను," అన్నాడు మేస్త్రి. అంతే, పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. తడిగుడ్డతో మొహం, చేతులు తుడుచుకుని అయిందనిపించేవాడు. పదో రోజుకి ఆయన గది కిటికీ తీసే ఉంచాల్సివచ్చింది. పదిహేనో రోజుకి వీపు మీద పొక్కులు లేచాయి. ఇలాగే ఉంటే పుళ్ళు పడతాయని, ఈ వయసులో పుండు పడితే మానదని డాక్టరమ్మ భయపెట్టింది. అప్పుడు ఆయనే ఒక దారి కనిపెట్టాడు.

"వృద్ధాశ్రమంలో స్నానాలు చేయించేవాళ్ళుంటారట. నన్నక్కడ చేర్పించండి."

"ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు పోస్తే పోయించుకుంటావు, నేను పోస్తే వద్దా?" అంది కూతురు.

"వాళ్ళకది పని. వాళ్ళకి నేను బాగుచెయ్యాల్సిన ఒక కుళాయిని. నీకు నాన్నని."

ఆమె వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ ఏడ్చింది. తండ్రిని పంపడం ఆమెకి ఇష్టం లేదు. అలా వదిలేసి ఒళ్ళంతా పుళ్ళు చేసుకోనివ్వడమూ ఇష్టం లేదు. ఆ రెంటి మధ్య మూడోదేదీ కనపడక, ఆశ్రమానికి ఫోన్ చేసి మంచం మాట్లాడింది. సోమవారం పొద్దున్న ఆరున్నరకి ఫోన్ చేస్తామని, ఎత్తి సరే అంటేనే వ్యాను బయల్దేరుతుందని, ఎత్తకపోతే ఆ మంచం వరసలో తర్వాతవాళ్ళకి వెళ్ళిపోతుందని వాళ్ళు చెప్పారు. శనివారానికే ఆయన బట్టలు సర్దిన సంచీ గుమ్మం పక్కకి చేరింది.

ఆదివారం పొద్దున్న బకెట్ చల్లారాక మేస్త్రి, "పాత స్నానశాలకి తీసుకెళ్ళండి," అన్నాడు.

కూతురూ అల్లుడూ మొహాలు చూసుకున్నారు.

"వీపు రుద్దించుకోవడానికి కాదు," అన్నాడాయన వెంటనే. "గొట్టాలు చూడ్డానికి. మా గురువు చచ్చేదాకా ఆ గొట్టాల గురించే చెప్పాడు. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుండి ఒక్కసారి చూసింది లేదు. ఎప్పుడు చూసినా ఎవడింట్లోనో ఏదో కారుతూనే ఉండేది."

ఊరి చివర ఉన్న ఆ స్నానశాల కూలిపోయి మూడొందల ఏళ్ళయింది. కప్పు సగం లేదు. దానికి నీళ్ళిచ్చిన కాలవ ఎప్పుడో దారి మార్చుకుపోయింది, నేలలో చెమ్మ కూడా లేదు. అయినా వేడిగదిలో రాతి అరుగు మీద కూర్చున్నవాళ్ళకి వీపు రుద్దబడుతుంది. పద్ధతి ఒక్కటే. అరుగు గుండ్రంగా ఉంటుంది, పిల్లలు రైలాట ఆడినట్టు ఒకరి వెనక ఒకరు పక్కకి తిరిగి కూర్చోవాలి. ముందు చోటు ఖాళీగానే కనపడుతుంది. చెయ్యి చాపితే మటుకు వెచ్చగా, తడిగా ఒక వీపు తగులుతుంది. దాన్ని రుద్దాలి. మీరు రుద్దుతుంటే వెనక నుంచి మీ వీపు ఎవరో రుద్దుతారు. బట్టలు విప్పక్కర్లేదు గానీ తడిసిపోతాయి. ఆ కనపడని వీపుల్లో మగవాళ్ళకి మగవాళ్ళ వీపులే తగులుతాయి, ఆడవాళ్ళకి ఆడవాళ్ళవే. అదెలాగని ఎవరూ అడగలేదు. సెలవురోజుల్లో జనం ఎక్కువని అందరూ పెందలాడే వెళ్తారు.

గేటు దగ్గర టికెట్లిచ్చే ఆవిడ మూడు టికెట్లూ మూడు పీచుముక్కలూ తోసింది. ఆమె వెనక తీగ మీద తడి చొక్కాలు వరసగా ఆరుతున్నాయి.

"ఇంకో చొక్కా తెచ్చుకున్నారా?"

"నాకు పీచొద్దు. గొట్టాలు చూసి వచ్చేస్తాను," అన్నాడు మేస్త్రి.

"అందరూ అదే అంటారండీ," అంది ఆవిడ, పీచు వెనక్కి తీసుకోకుండా. కూతురు దాన్ని తన సంచీలో వేసుకుంది. ఆ సంచీలో తండ్రి చొక్కా ఒకటి అడుగున మడతపెట్టి ఉంది. దాని గురించి ఆమె మొగుడికి కూడా చెప్పలేదు.

మొదటిది బట్టలు మార్చుకునే గది. గోడ నిండా గూళ్ళు. కొన్నింట్లో పిచ్చుకలు కాపరం పెట్టాయి. రెండోది చన్నీళ్ళ గది. మేస్త్రి గోడ పట్టుకుని నెమ్మదిగా నడిచాడు. అల్లుడు అరచెయ్యి ఆయన మోచేతికి జానెడు దూరంలో ఉంచి నడిచాడు. అంతకంటే దగ్గరికి వెళ్తే 'అల్లుడుగారూ' వినాల్సివస్తుందని వాడి భయం.

రెండో గది చివర గోడ విరిగిన చోట గొట్టాలు బయటపడి ఉన్నాయి. మేస్త్రి ఆగిపోయాడు. పంతొమ్మిది రోజుల్లో మొదటిసారి ఆయన మొహం విచ్చుకుంది.

"ఒరేయ్, ఇటు రా. ఇదిగో, ఒక కొస సన్నం, ఒక కొస వెడల్పు. సన్నకొసని వెడల్పుకొసలోకి దూర్చారు. మధ్యలో ఏం పెట్టారో చూడు."

అల్లుడు గోటితో గీకి చూశాడు. "సున్నం. ఏదో నూనె కూడా కలిపినట్టున్నారు మేస్త్రీ."

"దూది కూడా. తడి తగిలితే దూది ఉబ్బి జాయింటు ఇంకా బిగుస్తుంది. మనం టేపులు చుట్టి చస్తున్నాం," అని ఆయన గొట్టాన్ని నిమిరాడు. చెయ్యి వణుకుతోంది. ఎవరూ చూడకుండా జేబులో పెట్టేసుకున్నాడు. కూతురు చూసింది.

మూడోది వేడిగది. పైన గుమ్మటంలో గుండ్రటి కన్నాలు, వాటిలోంచి ఎండ కిందకి దిగుతోంది. అరుగు మీద పదిమంది దాకా ఉన్నారు. ఒక బస్సు కండక్టరు ముందున్న ఖాళీని దీక్షగా రుద్దుతున్నాడు. బడి టీచరు ఒకావిడ కళ్ళు మూసుకుని, "కాస్త కిందకి, ఆఁ, అక్కడే" అంటోంది. ఆమె ఎవరితో అంటోందో వెనక్కి తిరిగి చూడలేదు. వెనక్కి చూడకూడదన్నది అక్కడి ఇంకో పద్ధతి.

గోడవార రాతితొట్టి ఉంది. దాని మీద కంచు కుళాయి. టప్, టప్, టప్.

కుళాయి కింద నీటిచుక్క కనపడలేదు, తొట్టి అడుగు ఎండిపోయే ఉంది. చప్పుడు మాత్రం ఉంది. మేస్త్రి వేలు పెట్టి చూశాడు. వేలు తడిసింది.

కారే కుళాయి పక్కనుంచి ఊరికే నడిచిపోవడం ఆయన వల్ల కాదు. చుట్టాల పెళ్ళికి వెళ్ళి, పీటల మీద పెళ్ళి జరుగుతుండగా విడిదింటి కుళాయి బిగించి వచ్చిన మనిషి. జేబులోంచి చెయ్యి తీశాడు. వణుకుతున్న చేత్తోనే పిడి పట్టుకుని, పళ్ళు బిగించి, పంతొమ్మిది రోజుల కోపమంతా అందులో పెట్టి తిప్పాడు.

చప్పుడు ఆగిపోయింది.

దాంతోపాటు గదిలో ఇంకేదో కూడా ఆగిపోయింది. కండక్టరు చెయ్యి గాలిలో ఉండిపోయింది. "ఇదేంటి, సగంలో ఆపేశారు?" అంది టీచరు కళ్ళు తెరిచి. అరుగు చుట్టూ చలిగాలి తిరిగినట్టయింది. ఎవరూ లేని చోట్ల నుంచి కూడా పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు సన్నగా వినపడింది.

టికెట్లావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఎవరండీ కుళాయి కట్టేసింది?"

"నేనే. కారుతుంటే కట్టేశాను. తప్పా?" అన్నాడు మేస్త్రి.

"అది కారడం కాదు బాబాయిగారూ. ఆ కాలంవాళ్ళకి, ఈ కనపడనివాళ్ళకి, వచ్చే నీళ్ళే అవి. మూడొందల ఏళ్ళకి మిగిలింది ఆ చుక్కే. ఇంతమందీ దాంతోనే కడుక్కోవాలి. ఇప్పుడు చూడండి, అందరూ ఒంటి మీద సబ్బుతో కూర్చుండిపోయారు."

మేస్త్రి మొహం వాడిపోయింది. నీళ్ళు రానిచోట తెచ్చినవాడేగానీ, వస్తున్న నీళ్ళు ఆపేశాడన్న మాట జన్మలో పడలేదు. గబగబా పిడి పట్టుకుని అటు తిప్పాడు. కదల్లేదు. రెండు చేతులూ వేశాడు. చేతులు వణికాయి గానీ పిడి కదల్లేదు.

"నేను చూస్తాను మేస్త్రీ," అని అల్లుడు ముందుకొచ్చాడు. వాడు చెయ్యి తిరిగిన పనివాడు, ఒంట్లో సత్తువున్నవాడు. మెడ నరాలు ఉబ్బేదాకా లాగాడు. కండక్టరు కూడా దిగొచ్చి ఒక చెయ్యి వేశాడు. లాభం లేదు. ఆయన బిగించింది ఇంకొకడు విప్పలేడన్న పేరు ఊరికే రాలేదు మరి.

అరుగు మీద ఎవరో సన్నగా దగ్గారు. ముసలివాడి దగ్గు. అరుగు మీదున్నవాళ్ళలో ముసలివాళ్ళెవరూ లేరు.

మేస్త్రి కుళాయి వైపు చూశాడు, దగ్గు వచ్చిన వైపు చూశాడు. తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నా చెయ్యి పట్టడం లేదురా," అన్నాడు.

రెండేళ్ళుగా కళ్ళ ముందు ఉన్న సంగతే. కానీ ఆయన నోటంట అది రావడం అదే మొదలు. అల్లుడు ఆయన వెనక్కి వెళ్ళి నిలబడి, రెండు చేతులూ చాపి ఆయన చేతుల మీద వేశాడు. పదిహేడేళ్ళప్పుడు పానా పట్టడం వాడికి మేస్త్రి అలాగే నేర్పాడు, వెనక నిలబడి, చేతుల మీద చేతులు వేసి. ఇద్దరికీ అది గుర్తొచ్చింది.

"ఊఁ, చెప్పండి మేస్త్రీ."

"లాగకు. బిగిసినదాన్ని వెంటనే విప్పబోతే రాదు. ముందు ఇంకొంచెం బిగించు. ఒక్క వెంట్రుకంత. ఆఁ. ఇప్పుడు వదులు. మెల్లగా. ఇంకా మెల్లగా."

పిడి కిర్రుమంది. టప్, టప్, టప్.

అరుగు చుట్టూ 'హమ్మయ్య' అన్న ఊపిరి తిరిగింది. అందులో అక్కడున్నవాళ్ళదెంతో లేనివాళ్ళదెంతో చెప్పలేం. కండక్టరు తన చోటికి పోయి మళ్ళీ పనిలో పడ్డాడు.

"సరే, పదండి," అన్నాడు మేస్త్రి.

"పదండి అంటే కుదరదు బాబాయిగారూ," అంది టికెట్లావిడ, చేతులు నడుం మీద పెట్టుకుని. "ఆపినవాళ్ళు అరుగు మీద కూర్చోవాలి. మీ వల్ల ఆగిపోయినాయన వీపు మీరే రుద్దాలి. అక్కడ, ఆ ఖాళీలో."

తప్పు చేసి తప్పించుకునే అలవాటు ఆయనకి లేదు. కూతురు సంచీలోంచి పీచు తీసి ఇచ్చింది. ఆయన అల్లుడి భుజం పట్టుకుని అరుగెక్కి, పక్కకి తిరిగి కూర్చుని, చెయ్యి చాపాడు.

వీపు తగిలింది. ఎముకలు తేలిన వీపు. సబ్బు ఆరిపోయి అట్టగట్టింది. చలికి వణుకుతోంది. ఆయన చెయ్యి తగలగానే ఆ వీపు కర్రలా బిగుసుకుంది, మెడ ముందుకి వంగి, భుజాలు దగ్గరికి ముడుచుకున్నాయి. మేస్త్రికి ఆ బిగుసుకోవడం తెలుసు. రోజూ పొద్దున్న ఆరింటికి ఆయన ఒళ్ళూ అలాగే బిగుసుకుంటుంది.

"ఏం పర్లేదు," అన్నాడు మేస్త్రి మెల్లగా. "కూర్చో. నేనున్నాగా."

ఎడమ భుజం దగ్గర మొదలుపెట్టి పైనుంచి కిందకి రుద్దాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. రుద్దడానికి వణుకు అడ్డం రాలేదు. ఆ ముసలాయన ఎవరో, ఏ రోజుల్లో ఏం పని చేసేవాడో తెలియదు. ఒకరి చేత వీపు రుద్దించుకున్నాడని ఆయన మీద మేస్త్రికి గౌరవం వీసమంతైనా తగ్గలేదు. తగ్గలేదని గమనించి, చెయ్యి కాసేపు ఆపి, మళ్ళీ రుద్దాడు. నాలుగోసారికి ఆ భుజాలు దిగాయి. ఆ వీపు బరువంతా ఆయన అరచేతికి ఆనుకుంది.

"ఈయన వెనక నిజంగానే ఖాళీగా ఉంది. ఎవరో ఒకరు కూర్చోండి, వరస తెగకూడదు," అంది టికెట్లావిడ.

అల్లుడు కదిలేలోపే కూతురు చెప్పులు విడిచి అరుగెక్కింది.

మేస్త్రి వెనక్కి చూడలేదు, చూడకూడదు కూడా. ఎడమ భుజం మీద ఒక చెయ్యి పడింది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది, నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. చెయ్యి పైనుంచి కిందకి దిగింది, మళ్ళీ ఎడమ భుజం దగ్గరికే వచ్చింది. అయిదేళ్ళ పిల్లకి ఒళ్ళు రుద్దుకోవడం ఆయనే నేర్పాడు. 'ఎడమ భుజం దగ్గర మొదలుపెట్టాలి, పైనుంచి కిందకి, మురికి ఎక్కడుందో వెతుక్కోకపోయినా అదే పోతుంది' అని. ఊళ్ళో ఇంకెవరూ అలా రుద్దరు. పొక్కులున్న చోటికి రాగానే ఆ చెయ్యి తేలికైపోయింది.

ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. వాటిని కట్టేద్దామని చూడలేదు. చేతులు ఖాళీ లేవు.

గేటు దగ్గర కూతురు సంచీ అడుగు నుంచి పొడి చొక్కా తీసింది. మేస్త్రి దాన్ని చూశాడు, ఆమెని చూశాడు, చేతులు పైకెత్తాడు. తడి చొక్కా విప్పి, పొడిది తొడిగి, గుండీలు కూడా ఆమే పెట్టింది. దారిపొడుగునా ఆయన దూది కలిపిన సున్నం గురించే మాట్లాడాడు. ఆశ్రమం ఊసు ఎవరూ ఎత్తలేదు. సంచీ గుమ్మం పక్కనే ఉంది.

సోమవారం పొద్దున్న ఆరింటికి ఆమె అలవాటుకొద్దీ నీళ్ళు పెట్టేసింది. బకెట్ బాత్రూములో దించాక గాని, ఇవాళ దాంతో పనిలేదని గుర్తురాలేదు. వెళ్ళి ఫోన్ పక్కన కుర్చీలో కూర్చుంది. గడియారంలో ముల్లు జరగడం చూస్తూ, సరే అన్న రెండక్షరాలూ నోట్లో తిప్పుకుంటూ ఉంది. తండ్రి గదిలో అలికిడైంది, తర్వాత లేదు.

ఆరుంబావుకి ఆమె లేచి చూస్తే మంచం ఖాళీ. బాత్రూము తలుపు బార్లా తీసి ఉంది. మేస్త్రి తువ్వాలు చుట్టుకుని, గుమ్మం వైపు వీపు పెట్టి, స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వెనక్కి తిరగలేదు.

"నీళ్ళు చల్లారిపోతున్నాయి," అన్నాడు.

ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపి లోపలికి వెళ్ళింది. మొదటి చెంబు పోసింది. భుజాలు బిగుసుకున్నాయి. రెండో చెంబుకీ అంతే. మూడోదానికి దిగాయి.

"ఒరేయ్," అని కేకేశాడు మేస్త్రి.

అల్లుడు నోట్లో బ్రష్షుతో పరిగెత్తుకొచ్చాడు.

"బనీను విప్పి, నా ముందు ఇటు కూర్చో."

"నేనా? నేను రాత్రే స్నానం చేశాను మేస్త్రీ."

"వీపు రుద్దుకున్నావా?"

అల్లుడు మళ్ళీ నీళ్ళు నమిలాడు.

"ఎవరి వీపు వాళ్ళకి అందదురా. కూర్చో. ఊరికే ఒకరి చేత చేయించుకునే రకం కాదు నేను."

ఇద్దరికే ఇరుకైన బాత్రూములో ముగ్గురూ ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. అల్లుడు గచ్చు మీద గోడకి మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు. మేస్త్రి వణికే చేత్తో వాడి వీపుకి సబ్బు రాశాడు. కూతురు మేస్త్రి వీపు మీద పొక్కులు తప్పించి మెల్లగా రుద్దుతోంది.

ముందుగదిలో ఫోన్ మోగింది.

"ఫోన్," అన్నాడు అల్లుడు గోడతో.

"నా చేతులకి సబ్బుంది," అంది ఆమె.

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. కాసేపాగి ఇంకోసారి మోగింది, అదీ ఆగిపోయింది.

"ఎడమ పక్క సరిగ్గా రుద్దలేదు నువ్వు," అన్నాడు మేస్త్రి.